ఆరుగురు అనువాదకుల వానాకాలం

ముందుగా ఒక మాట. నేను నిదానంగా రాసే మనిషిని. ఇందులో ఒక్కో కాగితం నిండడానికి ఒక్కో మధ్యాహ్నం పట్టింది. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని గనక ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర ఇప్పటికీ తడబడతాను. మా కోడలు కొన్ని దిద్దింది, కొన్ని చూసి నవ్వుకుని వదిలేసింది. మిగిలిపోయినవి మీరే సర్దుకుని చదువుకోండి.

ఇది ఒక్క వానాకాలంలో మా ఇంటి ముందు గదిలో జరిగిన సంగతి. ఆ గదే మా కోడలి ఆఫీసు. రెండు బల్లలు, ఒక కంప్యూటర్, కాగితం ఇరుక్కున్నప్పుడల్లా మూలిగే ప్రింటర్, ఒక ఇనుప బీరువా. ఎవరి కాగితాలైనా ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారాలంటే, ఆ పని చేయగలిగిన మనుషుల్ని వెతికి పెట్టడం తన వృత్తి. ఆ సీజన్‌కి నేను అందులో చిన్న చిన్న పనులు చేస్తున్నాను. కవర్లు అంటించడం, కాగితాలకి పిన్నులు కొట్టడం, వచ్చినవాళ్లకి టీ ఇవ్వడం.

వానలు మొదలైన వారంలో ఒకావిడ వచ్చింది. ఆవిడ ఇంటి సామాన్లు అమ్మే దుకాణాల కంపెనీలో పెద్ద ఉద్యోగి. మేం దుకాణాలావిడ అనే చెప్పుకునేవాళ్లం. వాళ్ల కంపెనీ కాగితాలన్నీ ఫ్రెంచిలో ఉన్నాయట. చలికాలం వచ్చేసరికి జర్మన్ మాట్లాడే ప్రాంతంలో పదకొండు కొత్త షాపులు తెరుస్తారట. నాలుగు వేల పైచిలుకు సరుకులు. ఒక్కో దానికి అరకి తగిలించే చీటీ, డబ్బాలో పెట్టే సూచనల కాగితం, షాపులో పనిచేసేవాళ్లకి చెప్పాల్సిన జాగ్రత్తలు, అన్నీ జర్మన్‌లోకి మారాలి. దానికి ఆరుగురు అనువాదకులు కావాలి. ఫ్రెంచి బాగా తెలిసి, జర్మన్ పుట్టు భాషగా ఉండి, షాపు సంగతులు తెలిసినవాళ్లు. ఎనిమిది వారాల్లో ఆరుగురినీ చూపించగలిగితే పని మీది, లేదంటే పెద్ద కంపెనీకి ఇచ్చేస్తాను అని మర్యాదగానే చెప్పి, తడి గొడుగు మడత పద్ధతిగా కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మావాడు బస్సు డ్యూటీ దిగి వచ్చి, నేను గిన్నెలు తుడుస్తుంటే పక్కన నిలబడ్డాడు. వాడు ఊళ్లో సిటీ బస్సు నడుపుతాడు. ఏదైనా చెప్పాలనుకుంటే ముందు ఒక గిన్నె తీసుకుని తుడవడం వాడి అలవాటు.

"ఈ పని రాకపోతే ఆఫీసు మూసేస్తుందమ్మా. వేరే ఊళ్లో ఉద్యోగం ఉంది, కాగితం కూడా వచ్చింది. వారానికోసారి వస్తానంటోంది" అన్నాడు.

"నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. నా బస్సు ఇక్కడే కదా తిరిగేది."

వాడు తుడిచిన గిన్నె బోర్లించి ఇంకోటి తీసుకున్నాడు. ఇల్లు రెండు ముక్కలవుతుందని ఇద్దరికీ అర్థమైంది. కోడలు మాత్రం ఆ ఉద్యోగం కాగితం సంగతి నా దగ్గర ఎత్తనే లేదు. పొద్దున్నే లేచి ఫోన్లు మొదలుపెట్టింది.

మొదటి రెండు వారాలూ మనుషులు వస్తూనే ఉన్నారు. కొందరు ఫోన్‌లో, కొందరు కంప్యూటర్‌లో, కొందరు నేరుగా మా గుమ్మంలో. రెండు భాషలూ వచ్చినవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారా అని నేను నోరు తెరుచుకుని చూశాను. నాకు ఒక్క భాషే వచ్చు, అందులోనూ వేలు పెట్టి కూడబలుక్కుంటేనే అక్షరం కదులుతుంది. వీళ్లేమో ఒక భాషలో విని ఇంకో భాషలో జవాబు చెబుతూ మధ్యలో టీ తాగుతారు. కానీ కోడలు ఎవర్నీ ఖాయం చెయ్యదు. కోర్టు కాగితాలు అనువదించే ఒకాయన తువ్వాలు గురించి మూడు లైన్లు ఇస్తే ముప్పావు పేజీ రాసి పంపాడు. తువ్వాలు కొనడానికి వకీలుని వెంటబెట్టుకుని వెళ్లాలి ఇలాగైతే, అంది కోడలు. కవిత్వం అనువదించే ఇంకొకావిడ దిండు గురించి చదువుతుంటేనే నిద్ర ముంచుకొచ్చేలా రాసిందట. దిండు కొలత మాత్రం రాయడం మరిచిపోయింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "రెండు భాషలూ వస్తే చాలదా అమ్మాయ్?"

కోడలు ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. అరకి తగిలించేది, రెండు వేళ్ల వెడల్పు. ఫ్రెంచి మాటలు అందులో సరిపోతాయి, జర్మన్ మాటలు పొడుగు, చీటీ మాత్రం పెరగదు, అని చెప్పింది. "ఏ మాట ఉంచాలి, ఏ మాట తీసెయ్యాలి అన్నది భాష వచ్చినంత మాత్రాన తెలీదు అత్తయ్యా. కొనేవాళ్లు ఏం చూస్తారో తెలియాలి."

అది నాకు తెలుసు. మా ఆయన ఉన్నన్నాళ్లూ, ముప్పై ఏళ్లు, నేను బట్టల షాపులో పనిచేశాను. జనం విప్పి పడేసినవి మడిచి, టిక్కెట్టు తగిలించి, మళ్లీ అరలో పెట్టడం నా పని. అందుకే చెప్పాను, టిక్కెట్టు ఎవరూ ముందు చదవరని. ముందు వేళ్లతో నలిపి చూస్తారు, తర్వాత ధర చూస్తారు, ఆ తర్వాతే ఉతికితే ఏమవుతుందని తిప్పి చూస్తారు. వస్తువు చేతిలో లేకుండా టిక్కెట్టుకి అర్థమే లేదు.

కోడలు కలం ఆపి, మళ్లీ చెప్పమంది. వరసగా రాసుకుంది. పరీక్ష ఎలా పెట్టాలో అప్పుడే దాని బుర్రలో మెదిలిందట. మర్నాడు దుకాణాలావిడకి ఫోన్ చేసి, అనువాదకులకి వస్తువులు ఎలాగూ పంపలేం, కనీసం ఫోటోలైనా ఇవ్వండి అంది. కొత్త సీజన్ సరుకుల ఫోటోలు కంప్యూటర్‌లో పంపితే బయటికి పొక్కుతాయని ఆవిడ ఒప్పుకోలేదు. అచ్చు వేసిన ఫోటోలే ఇస్తాను, పరీక్ష అయ్యాక లెక్క ప్రకారం వెనక్కి ఇచ్చెయ్యాలి అంది.

అలా నా పని పెరిగింది. ఇరవై ఎనిమిది మందికి పరీక్ష. ఒక్కొక్కరికి ఐదు వస్తువుల ఫ్రెంచి కాగితాలు, ప్రతి కాగితానికి ఆ వస్తువు ఫోటో పిన్ను చేసి, అట్ట కవర్లో పెట్టి పంపాలి. కాగితం మీద ఒక అంకె, ఫోటో వెనక అదే అంకె. అంకెలు నాకు అక్షరాలకంటే ముందే వచ్చు. చూసుకుని పెట్టండి అత్తయ్యా అని కోడలు నాకు అప్పజెప్పింది. నాకు గర్వంగానే అనిపించింది.

కొరియర్ మధ్యాహ్నం పన్నెండుకి వస్తాడు. బయట జోరుగా వాన. ఐదు వస్తువుల ఫోటోలూ ఐదు దొంతరలుగా బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను. మొదటి కవరుకి ఐదు అంకెలూ తిప్పి తిప్పి చూసి పిన్ను కొట్టాను. అంతలో కిటికీలోంచి జల్లు కొట్టింది. తడవకుండా దొంతరలు ఎత్తి రెండో బల్ల మీదకి మార్చాను. మిగిలిన ఇరవై ఏడు కవర్లకీ నేను అంకెలు చూడలేదు.

ఎందుకు చూడలేదంటే చెప్పడం కష్టం. చదువు రాని రోజుల్లో షాపులో ఏ టిక్కెట్ల కట్ట ఎక్కడుందో చోటుని బట్టే గుర్తు పెట్టుకునేదాన్ని. చొక్కాలవి ఎడమ పక్క, పిల్లల గౌన్లవి ఆ పక్కన, దుప్పట్లవి చివర. ముప్పై ఏళ్లలో ఒక్క టిక్కెట్టు తప్పు పెట్టలేదు. తొందర వచ్చేసరికి నా చెయ్యి చదువుకున్న మనిషి చెయ్యిలా కాక, ఆ పాత మనిషి చెయ్యిలా నడిచింది. కొరియర్ అతను వచ్చి తలుపు తట్టేసరికి కవర్లన్నీ అయిపోయాయి. బాగా తొందరగా చేశానని కోడలు మెచ్చుకుంది.

పది రోజుల్లో జవాబులు రావడం మొదలైంది. అందరికంటే ముందు ఒకాయన కవరు వచ్చింది. కవరు చేరిన రోజే రాసి, ఆ రోజే పంపేశాడు. మావాడు ఆయనకి రైలు అని పేరు పెట్టాడు. వచ్చిన జర్మన్ అంతా కోడలు కంప్యూటర్‌లో కొట్టి, వేరే ఊళ్లో ఉన్న ఒక పెద్దాయనకి పంపేది. ఆయన జర్మన్ పత్రికల్లో జీవితమంతా తప్పులు దిద్దినవాడు. మేం దిద్దే మాస్టారు అనేవాళ్లం. ఫ్రెంచి మాటకి జర్మన్ మాట సరిపోయిందా లేదా అని మాత్రం ఆయన చూసేవాడు. ఫోటోలతో ఆయనకి పని లేదు. రైలు రాసినదానికి ఆయన అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు. మొత్తం తొమ్మిది మంది నెగ్గారు. కోడలి ముఖంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

ఒక నలుగురి కాగితాలు మాత్రం తను మాస్టారికి పంపనే లేదు. మూడో ఫోటో, నాలుగో ఫోటో తారుమారయ్యాయి, కాస్త చూసుకోండి అని ఆ నలుగురూ ఉత్తరం పెట్టారు. అందులో ఒకావిడైతే రెండు పేజీల నిండా ప్రశ్నలే రాసింది. కోడలు తన దగ్గరున్న అసలు ప్రతి తీసి చూసుకుంది. అది నేను మొదట చేసిన కవరు. ఒక ప్రతి ఆఫీసులో ఉండాలని దాన్ని తను తీసి పెట్టుకుంది, బయటికి వెళ్లింది తక్కిన ఇరవై ఏడూ, తర్వాత తనే కట్టిన ఇంకొకటీ. తన ప్రతిలో అంతా సరిగ్గానే ఉంది.

"పిన్నులు పీకి, కలిపేసుకుని, తప్పు మన మీద పెడుతున్నారు" అంది. "ఐదు ఫోటోలు సర్దుకోలేనివాళ్లు నాలుగు వేల సరుకుల పని ఏం చేస్తారు?" ఆ నలుగురి కవర్లూ బీరువా కింద అరలోకి తోసేసింది.

నేను ఆ మాట విన్నాను. నాకేమీ అనుమానం రాలేదు. మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకం అలాంటిది.

ఫోటోలు వెనక్కి ఇచ్చే రోజు దగ్గరపడింది. పిన్నులు తీసి ఫోటోలు దొంతర పెట్టమని కోడలు నాకే చెప్పింది. మొదట రైలు కవరు విప్పాను. మూడో కాగితం పసిపిల్లల్ని కూర్చోబెట్టే ఎత్తు కుర్చీది. నాలుగోది పై అరలు అందుకోవడానికి ఎక్కే మడత పీటది. రెండూ ఒకే రంగు చెక్క, నాలుగేసి కాళ్లు. మూడో కాగితానికి ఉన్న ఫోటో వెనక నాలుగు అని ఉంది. రెండోసారి చూశాను. తర్వాతి కవరు విప్పాను. అందులోనూ అంతే. మూడోదీ అంతే. నాలుగోది విప్పేటప్పటికి సంగతి అర్థమైంది. వానకి దొంతరలు ఎత్తినప్పుడు ఆ రెండూ చోటు మారాయి. ఆ పూట నేను పంపినవన్నీ అలాగే వెళ్లాయి.

గదిలో ఎవరూ లేరు. కోడలు లోపల భోజనం చేస్తోంది. పిన్నులన్నీ తీసేసి, ఫోటోలు అంకెల ప్రకారం దొంతర పెట్టేస్తే ఎవరికీ ఎప్పటికీ తెలీదు. తొమ్మిది మంది నెగ్గారు, ఆరుగురే కావాలి. పని వచ్చినట్టే, ఇల్లు నిలిచినట్టే. నేను నోరు విప్పితే పరీక్షంతా చెడిపోతుంది, గడువు పన్నెండు రోజులే ఉంది. కోడలు మళ్లీ నాకు ఒక్క కాగితమైనా ఇస్తుందా అన్నది ఇంకో భయం. అయిదు పిన్నులు చేతిలో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

కింద అరలోకి తోసేసిన ఆ నలుగురూ గుర్తొచ్చారు. వాళ్లు చెప్పింది నిజం. నిజం చెప్పినందుకే పక్కకి పోయారు.

కవరు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. "అమ్మాయ్, ఫోటోలు మార్చి పెట్టింది నేను. నీ దగ్గరున్న ఒక్క ప్రతిలో తప్ప, ఆ పూట పంపినవాటన్నిట్లోనూ" అన్నాను.

కోడలు తినడం ఆపింది. నా ముఖం చూసింది, కవరు చూసింది. లేచి చెయ్యి కడుక్కుని, తుడుచుకోకుండానే ముందు గదిలోకి వెళ్లి, కవర్లన్నీ నేల మీద పరిచి కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపటికి తల ఎత్తింది.

"అత్తయ్యా, ఇలా వచ్చి కూర్చోండి. ఇరవై ఏడు మందిలో ఎవరెవరు గమనించారో చూద్దాం."

ఇద్దరం నేల మీద కూర్చుని వెతికాం. తను రాతలు చూసింది, నేను ఫోటోలు, పిన్నులు చూశాను. నెగ్గిన తొమ్మిది మందిలో ఒకాయన మాత్రం రెండు ఫోటోల మధ్యా పెన్సిల్‌తో సన్నగా బాణం గీశాడు. ఓడిపోయినవాళ్లలో ఒక అమ్మాయి ఆ రెండు కాగితాలూ ఖాళీగా వదిలేసి, ఏ వస్తువో తేలకుండా నేను రాయలేను, క్షమించండి అని అడుగున రాసింది. ఆ నలుగురు, ఈ ఇద్దరు. ఆరుగురే. తక్కిన వాళ్లందరూ ఎక్కే పీట ఫోటో ఎదురుగా పెట్టుకుని, ఆరు నెలలు నిండిన పిల్లల్ని ఇందులో కూర్చోబెట్టవచ్చు అని చక్కటి జర్మన్‌లో రాసేశారు.

"ఫోటో చూడనే లేదు" అంది కోడలు. "రైలు కూడా."

బాణం గీసినాయన ఎలాగూ నెగ్గినవాడే. తక్కిన ఐదుగురి కాగితాలూ, ఖాళీగా వదిలినవి లెక్కపెట్టొద్దన్న మాటతో సహా, ఆ సాయంత్రమే మాస్టారికి వెళ్లాయి. మూడు రోజుల తర్వాత కబురొచ్చింది. మొత్తం మీద ఐదుగురు మెరికలట. ఆరో ఆయన పుట్టిన చోటు వదిలి ఎన్నో ఏళ్లయిందట, జర్మన్ మొద్దుబారిపోయిందట. ఐదుగురే మిగిలారు. కావాల్సింది ఆరుగురు.

రైలు రోజూ ఫోన్ చేస్తున్నాడు, పని ఎప్పుడు మొదలని. మనిషి మంచివాడే, నవ్వుతూ మాట్లాడతాడు. భాషలో ఆయన్ని మించినవాళ్లు లేరని మాస్టారే చెప్పారు. ఆయన్ని కలుపుకుంటే ఆరు పూర్తవుతుంది. కోడలు రెండు రోజులు ఫోన్ చేతిలోకి తీసుకుంటూ, పెట్టేస్తూ గడిపింది. మూడో రోజు బల్ల అవతల కూర్చున్న నన్ను అడిగింది.

"మీరైతే ఏం చేస్తారు అత్తయ్యా?"

అంతవరకు ఆఫీసు విషయం తను నన్ను ఎప్పుడూ అడగలేదు. నేను ఆలోచించే చెప్పాను. "మా షాపులో అయితే అలాంటివాణ్ని పిల్లల బట్టల అర దగ్గర ఒంటరిగా నిలబెట్టేదాన్ని కాదు."

తను ఫోన్ తీసి రైలుకి పని లేదని మర్యాదగా చెప్పేసింది.

గడువుకి నాలుగు రోజుల ముందు దుకాణాలావిడ వస్తానంది. ఆ పొద్దున కోడలు దాచడం అనే మాటే లేకుండా అంతా చెప్పేసింది. మా వల్ల ఫోటోలు మారాయి, గమనించినవాళ్లు ఆరుగురు, అందులో పనికొచ్చేవాళ్లు ఐదుగురు, ఆరోవారు లేరు. ఇదిగో మారిన కవరు, అని ముందు పెట్టింది. నావంక వేలు చూపించలేదు. నేనే చెప్పాను, పిన్నులు కొట్టింది నేనని. ఆవిడ కవరు అటూ ఇటూ తిప్పింది. ఈ ఐదుగురిలో ఒకరిని పని చేస్తుండగా చూడాలి అంది. ఆ రెండు వస్తువులూ తన వ్యాన్లో ఉన్నాయట, మనిషిని పంపి పైకి తెప్పించింది.

ఐదుగురిలో మా ఊళ్లో ఉన్నది ఒక్కరే, ఎప్పుడో ఇక్కడికొచ్చి స్థిరపడిన, ఆ రెండు పేజీల ప్రశ్నలు రాసినావిడ. కబురు పెడితే గంటలో వచ్చింది. మావాడి బస్సులోనే వచ్చిందని తర్వాత తెలిసింది. టిక్కెట్టు వెనక సన్నగా అచ్చు వేసి ఉన్నది కూడా చదువుకుంటూ కూర్చుందమ్మా, ఇన్నేళ్లలో అది చదివిన మనిషిని చూడలేదు అన్నాడు వాడు. పొట్టి మనిషి, నా ఈడే. గుడ్డ సంచీ కింద పెట్టి, చేతి గడియారం తీసి సంచీలో వేసుకుని, మడత పీట ముందు నేల మీద చతికిలబడింది. చెక్కకి గీతలు పడకుండా గడియారం తీసిందని నాకు వెంటనే తెలిసింది. మా షాపులో పట్టు బట్టలు తాకేముందు మేం గాజులు వెనక్కి తోసుకునేవాళ్లం.

పీటని నాలుగుసార్లు విప్పింది, నాలుగుసార్లు మూసింది. కీలు దగ్గర తన చిటికెన వేలు పెట్టి నెమ్మదిగా నొక్కి చూసుకుంది. తర్వాత నన్ను ఎక్కమంది. నేను ఎక్కాను. నా కాళ్లు చూడలేదు, పీట కాళ్లు చూసింది. దిగాక దాన్ని మడిచి గోడకి ఆనించి, తను దాని ముందు ఇంకా కిందకి వంగి, తల వాల్చి చూసింది. రెండేళ్ల పిల్లకి అది ఎలా కనిపిస్తుందో అలా చూసిందని నాకు కొంతసేపటికి గాని అర్థం కాలేదు. ఒక్క లైను రాయడానికి ఒక మనిషి ఇంత చూస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు ఫ్రెంచి కాగితం తీసుకుంది. మాకు అర్థమయ్యేలా మా భాషలోనే మాట్లాడింది.

"వాడనప్పుడు మడిచి పెట్టండి అని ఉంది ఇక్కడ. మడిస్తే ఎవరైనా గోడకి ఆనిస్తారు. పాకే పిల్ల పట్టుకుని లాగితే విచ్చుకుంటుంది, వేలు ఇక్కడ పడుతుంది. ఆ మాట ఫ్రెంచిలో లేదు. లేనిది నేను చేర్చకూడదు. అందుకని అడుగుతున్నాను. చేర్చమంటారా?"

దుకాణాలావిడ తనే వంగి, పీటని గోడకి ఆనించి, కింద అంచు పట్టుకుని లాగింది. పీట టక్కున విచ్చుకుంది. లేచి ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. ఫ్రెంచిలో చాలాసేపు మాట్లాడింది. కోడలికి ఫ్రెంచి కాస్త వచ్చు. చెవి అటే పెట్టి, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమంటోంది?"

"ఫ్రెంచి కాగితమే తప్పు, దాన్ని మార్చమంటోంది. అచ్చు ఆపమంటోంది."

మాట ఒక భాషలోంచి ఇంకో భాషలోకి ముందుకే నడుస్తుందని నేను అనుకునేదాన్ని. ఆ పొద్దున అది వెనక్కి తిరిగి నడిచి, తను బయల్దేరిన చోటుని దిద్దింది. ఎన్ని షాపుల్లో, ఎన్ని ఇళ్లల్లో ఉన్న కాగితం అది. మా ముందు గదిలో చతికిలబడ్డ ఒక పొట్టి మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకి కదిలింది. నేను వంటింట్లోకి వెళ్లాను. టీ పెట్టాలన్న సంగతి గుర్తు రావడానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చేసరికి దుకాణాలావిడ కుర్చీలో కూర్చుని ఉంది. కోడలు నిలబడే ఉంది.

"ఒప్పందంలో ఆరుగురు" అంది కోడలు.

"చూశాను" అందావిడ. "ఐదుగురని రాయండి. పని ముగించే గడువు రెండు వారాలు పెంచుతాను."

అంతే జరిగింది. ఎవరూ చేతులు చరచలేదు. ప్రశ్నలావిడ గడియారం మళ్లీ పెట్టుకుంటూ, ఎత్తు కుర్చీ కూడా ఉందిగా, అది కూడా చూసేస్తాను అంది. మధ్యాహ్నం మావాడు భోజనానికి వచ్చినప్పుడు కోడలు సొరుగులోంచి ఆ ఉద్యోగం కాగితం తీసి, వాడి కంచం పక్కన పెట్టి, దీనికి జవాబు నువ్వు రాస్తావా నేను రాయనా అని అడిగింది. వాడు తింటూ తింటూ ఎడమ చేత్తో దాన్ని నా వైపు జరిపాడు. నేనే రాశాను. రెండు లైన్లు, పూటంతా పట్టింది. రావడం కుదరదు, అడిగినందుకు కృతజ్ఞతలు, అని.

తర్వాత మూడు నెలలు మా ముందు గది సంత. ఐదుగురి ప్రశ్నలూ రోజూ వచ్చేవి. ఈ బుట్ట అల్లికా, పోతపోసిందా? ఈ దుప్పటి ఏ వైపు మెత్తన? ఒక్కోసారి కోడలు తల పట్టుకునేది. ఒక్కోసారి నన్ను అడిగేది, నాకు తెలిస్తే చెప్పేదాన్ని. బుట్టల సంగతి నాకు తెలుసని అంతవరకు నాకే తెలీదు.

షాపులు తెరిచే రోజు పొద్దున దుకాణాలావిడ అక్కడినుంచి ఫోన్ చేసింది. మాట్లాడడానికి తీరిక లేదు, వినండి అని మాత్రం చెప్పి, ఫోన్‌ని ఎక్కడో బల్ల మీద పెట్టేసినట్టుంది. కోడలు చప్పుడు పెంచి మధ్య బల్ల మీద పెట్టింది. మావాడు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. ముగ్గురం వంగి విన్నాం. అవతల జనం, జర్మన్ మాటలు, ఒక్కటీ అర్థం కాలేదు.

"ఏం జరుగుతోందో తెలీడం లేదు" అంది కోడలు.

నాకు తెలుస్తోంది. షట్టర్ పూర్తిగా పైకి వెళ్లింది, అని చెప్పాను. ఇప్పుడు బుట్టలు ఒకదాంట్లోంచి ఒకటి లాగుతున్నారు. ఆ గరగర హ్యాంగర్లది, ఎవరో ఒక్కొక్కటే జరిపి చూస్తున్నారు. ఇప్పుడెవరో డబ్బా మూత తెరిచారు. ఇప్పుడు చప్పుడు లేదు కదా, చేతిలో కాగితం ఉంది, చదువుతున్నారు.

కోడలు ఫోన్ వైపు చూస్తోంది. మావాడు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ నిశ్శబ్దం బాగా సాగింది. తర్వాత డబ్బా మూత మూసిన చప్పుడు, దాన్ని బుట్టలో పెట్టుకున్న చప్పుడు వినిపించాయి.

"తీసుకున్నారు" అన్నాను.

బట్టల షాపులో నన్ను మడతలమ్మ అనేవారు, ఇప్పుడు ఐదుగురు అనువాదకులూ ఫోటోలమ్మ అని రాస్తారు. రెండిట్లో ఏదైనా నా పేరే. వయసు అరవై ఏడు. కొడుకు, కోడలితో ఇదే ఇంట్లో, ఆఫీసు పక్క గదిలో ఉంటున్నాను.